4.8 ఎంఎం చైన్ సా ఫైల్ కిట్: పళ్ళకు భేషు, బార్ సమస్యకు మందు కాదు

విశాఖ హార్డ్‌వేర్ షాపుల్లో బ్రాండ్ పేరు లేకుండా దొరికే, చైన్ సా (కర్ర కోసే మిషన్) పళ్ళకి పదును పెట్టే ఈ కిట్‌లో గుండ్రటి ఆకురాయి, గైడ్ ప్లేటు, బల్లపరుపు ఆకురాయి, డెప్త్ గేజ్ బిళ్ళ ఉంటాయి. 58 సీసీ పెట్రోల్ మిషన్ల మీద ఎక్కువగా కనిపించే 0.325 పిచ్ (వరసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం, అంగుళాల్లో) చైన్‌కి 4.8 సరైన సైజు. చిన్న మిషన్లలో ఉండే 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4 ఎంఎం ఆకురాయి కావాలి, కాబట్టి వాటికి ఇది కొనకండి.

కిట్‌లో అసలు విలువ గైడ్ ప్లేటుది. ఆకురాయి మందంలో అయిదో వంతు పన్ను పై అంచు కంటే ఎత్తులో ఉండేలా దాన్ని పట్టి ఉంచుతుంది, దాని మీది 30 డిగ్రీల గీత చైన్‌కి సమాంతరంగా ఉంటే చాలు. భీమిలి వైపు సరుగుడు తోటల్లో నేల మీద పడ్డ దుంగలు కోసేవాళ్ళకి ఇది రోజువారీ అవసరం, బెరడుకి అంటిన ఇసుక ఒక్కసారి తగిలితే పదును పోతుంది. రేకుల్లా రావాల్సిన పొట్టు పిండిలా రాలుతోందంటే ఇక కోత ఆపాలి.

ముందు మిషన్ స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసి, గ్లవ్స్ వేసుకోండి. బాగా అరిగిన పన్నుతో మొదలుపెట్టి, మిగతావన్నీ దాని పొడవుకే తేవాలి. లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి, వెనక్కి వచ్చేటప్పుడు ఆకురాయి ఎత్తేయాలి. డెప్త్ గేజ్ (పన్నుకి ముందుండే చిన్న దిమ్మ) పన్ను కొస కంటే 0.025 అంగుళాలు (సుమారు 0.65 ఎంఎం) కిందికి ఉండాలి. తొందరగా కోస్తుందని ఇంకా తగ్గిస్తే చైన్ కర్రని పట్టి లాగేస్తుంది, మిషన్ మనిషి మీదికి ఎగిరే ప్రమాదం ఉంది.

పళ్ళన్నీ సమంగా ఉన్నా కోత ఒక పక్కకి వంకరపోతోందా? అది బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక) సంగతి. చైన్‌ని చేత్తో అటూ ఇటూ వంచి చూడండి. బాగా ఒరిగిపోతే బార్ అంచున చైన్ దిగే గాడి వెడల్పయింది, లేదా 0.058 అంగుళాల గాడిలో 0.050 చైన్ వేశారు. ఈ రెండో తప్పు షాపులో జరుగుతుంది, బార్ పొడవు 18 అంగుళాలని చెప్పగానే చైన్ చేతికిచ్చేస్తారు. పొడవొక్కటే సరిపోదు, పిచ్, గేజ్ (గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల (గాడిలో దిగే లింకులు) లెక్క మూడూ కలవాలి. 18 అంగుళాల 0.325 చైన్‌కి సాధారణంగా 72 లింకులుంటాయి.

గాడి అంచున లేచిన పొరని బల్లపరుపు ఆకురాయితో తీసి, ఆయిల్ రంధ్రం శుభ్రం చేసి, పదును పెట్టినప్పుడల్లా బార్ తిరగేయండి. చైన్ బిగించేటప్పుడు బార్ ముక్కు పైకెత్తి పట్టుకుని నట్లు బిగించాలి. చల్లగా ఉన్నప్పుడే బిగువు చూడాలి. వేడి మీద బిగించి వదిలేస్తే, చల్లారాక చైన్ కుంచించుకుని బార్‌ని, బేరింగులని నొక్కేస్తుంది.

బార్ మీది నంబర్లు అరిగిపోతే వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగించండి: 8.25 ఎంఎం వస్తే 0.325, 9.5 వస్తే 3/8.