రసాయన ఫార్ములాలు బట్టీ పట్టాలా, వేలెన్సీతో రాయాలా?

శ్రమ: బట్టీ ఈరోజే మొదలుపెట్టొచ్చు, కానీ జాబితా ఎప్పటికీ తరగదు. వేలెన్సీలు (ఒక్కో మూలకం ఎన్ని బంధాలు ఏర్పరచగలదో చెప్పే అంకెలు) వంటబట్టడానికి కొన్నాళ్లు పడుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ చూడని పేరిచ్చినా రాసేస్తారు: అల్యూమినియం 3, ఆక్సిజన్ 2, అంకెలు తారుమారు చేస్తే రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సిజన్లు, అంతే.

రిస్క్: బట్టీలో ఫెర్రస్ క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ కలిసిపోతాయి. రెండింటిలోనూ ఉన్నది ఇనుమే, దాని వేలెన్సీ తెలిస్తే ఫెర్రస్‌కు క్లోరిన్లు రెండు, ఫెర్రిక్‌కు మూడు. కానీ కాల్షియం ఆక్సైడ్‌లో తారుమారు చేశాక వచ్చే 2, 2 కొట్టేయడం, అల్యూమినియం సల్ఫేట్‌లో సల్ఫేట్‌కు బ్రాకెట్ పెట్టడం మరిచిపోతే మార్కులు పోతాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మాత్రం 2, 2 కొట్టేయకూడదు, దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే. సల్ఫేట్, నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటి అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువుల గుంపులు) కూడా గుర్తుపెట్టుకోవాల్సినవే.

రేపే పరీక్షైతే పాఠంలో ఉన్నవి బట్టీ పట్టండి. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం వేలెన్సీ దారే పట్టండి, దయచేసి వాయిదా వేయకండి.