గుంటూరు శివారులో ఒక డిగ్రీ కళాశాల: పాఠాలు బాగుంటాయి, ప్రశ్నలకే చోటు తక్కువ

గుంటూరు నగరాన్ని ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో మా మేనకోడలు 2022లో చేరి బీఎస్సీ పూర్తి చేసింది. మా చెల్లెలి కుటుంబం వినుకొండ వైపు పల్లెలో ఉంటుంది కాబట్టి స్థానిక సంరక్షకుడిగా సంతకాలన్నీ నేనే పెట్టాను. హాజరు తగ్గిందన్న ఫోన్లు, ఫీజు గడువు సందేశాలు, తల్లిదండ్రుల సమావేశాలు నా వంతుకే వచ్చాయి. కళాశాల పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే దానిలో చాలా భాగం గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న అనేక ప్రాంగణాలకు అక్షరం మార్చకుండా వర్తిస్తుంది కాబట్టి, ఒక్కరిని వేలెత్తి చూపడం వల్ల మిగతావాళ్లు తప్పించుకుంటారే తప్ప చదివేవారికి ప్రయోజనం ఉండదు.

చదువు సంగతి త్వరగా ముగిస్తాను. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో పరికరాలకు కొరత లేదు, సిలబస్ సకాలంలో పూర్తవుతుంది, అధ్యాపకుల్లో ఎక్కువమంది సిద్ధపడి తరగతికి వస్తారు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. ఐదుకు నాలుగు మార్కులు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఓటు హక్కు వచ్చిన పిల్లలు మూడేళ్లపాటు గడిపే చోట వాళ్లను ఏం మాట్లాడనిస్తారు, ఎవరి పక్కన కూర్చోనిస్తారు, ఏది అడగనిస్తారు అన్న విషయం ఏ కరపత్రంలోనూ కనిపించదు కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

గేటు పక్కన ‘ఈ ప్రాంగణంలో రాజకీయ కార్యకలాపాలు నిషిద్ధం’ అన్న పెద్ద బోర్డు ఉంటుంది. దాని కింద వాచ్‌మన్ బల్ల, బల్ల మీద రిజిస్టరు, రిజిస్టరు పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా పిన్నీసులు. అమ్మాయిల చున్నీకి రెండు భుజాల మీదా పిన్ను ఉండాలి. ఒక వైపే వేసుకుని వచ్చిన అమ్మాయిని పీడీ మేడమ్ (వ్యాయామ విద్య చూసే ఆవిడ) పక్కన నిలబెట్టి, డబ్బాలోంచి పిన్నీసులు ఇచ్చి, అవి పెట్టుకున్నాక రిజిస్టరులో సంతకం తీసుకుని లోపలికి పంపుతారు. సంతకాలు మూడైతే ఇంటికి ఫోను. అలా నాకు వచ్చిన ఫోనులో ‘మీ అమ్మాయి ప్రవర్తన గురించి మాట్లాడాలి’ అని మొదలుపెట్టిన గొంతు విని, ఏ ప్రమాదం జరిగిందోనని స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్నాను. విషయం పిన్నీసు. ఇక లోపల మెట్లు వేరు, బస్సులో సీట్లు వేరు, క్యాంటీన్‌లో మధ్యన రేకుతో అడ్డు కట్టారు. ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర అమ్మాయీ అబ్బాయీ కలిసి టైట్రేషన్ చేయవచ్చు గానీ, వచ్చిన రీడింగు గురించి వరండాలో మాట్లాడుకోకూడదు.

ఇదంతా యాజమాన్యం ఒక్కటే రుద్దిందనడం న్యాయం కాదు. తల్లిదండ్రుల సమావేశంలో లేచి మాట్లాడిన తండ్రుల్లో అధికులు ఇంకా గట్టి కట్టుబాట్లు కావాలనే అడిగారు. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లల్లో కొందరు ‘ఆ కాలేజీ స్ట్రిక్టు’ అన్న పేరు వల్లనే ఇంటర్ తర్వాత పెళ్లిపీటల మీద కాకుండా తరగతిలో కూర్చోగలుగుతున్నారు. మా చెల్లెలి అత్తగారు కూడా ఆ మాట విన్న తర్వాతే ఊ అన్నారు. ఆడపిల్లల చదువు కోసం ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదానికేతనం నెలకొల్పిన ఊరిలో, నూరేళ్ల తర్వాత కూడా ఆడపిల్ల చదువుకు ఈ పూచీకత్తు అవసరం కావడం నాకు బాధ కలిగించింది. కానీ అవసరం ఉందన్నది కాదనలేని నిజం.

పూచీకత్తు పేరుతో చట్టాన్ని దాటడం మాత్రం వేరే సంగతి. హాస్టళ్లలో అబ్బాయిలకు రాత్రి 9 గంటల దాకా గేటు తెరిచి ఉంటుంది, అమ్మాయిలకు సాయంత్రం 6 గంటలకే మూసేస్తారు. భద్రతను సాకుగా చూపి, మగపిల్లలకు లేని ఆంక్షలను ఆడపిల్లల వసతిగృహాల్లో పెట్టకూడదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీలో, విషయం విద్యార్థులకు సంబంధించినదైతే, విద్యార్థి ప్రతినిధులు ఉండాలని, వారు పారదర్శకమైన ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నిక కావాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ ఆ ప్రతినిధుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఎన్నిక ఎప్పుడు జరిగిందని మా అమ్మాయి ఆఫీసులో అడిగితే, ప్రిన్సిపాల్ గారే క్లాస్ టాపర్ల పేర్లు వేశారని చెప్పి, ‘నీకేమైనా సమస్య ఉందా అమ్మా?’ అని అడిగారట. ఆ రెండో ప్రశ్న విన్న ఏ పిల్లయినా మళ్లీ ఆ గుమ్మం తొక్కుతుందా?

బోర్డు మీద రాసినట్టు రాజకీయాలు నిజంగానే గేటు బయట ఆగిపోతే అదొక విధానం అనుకోవచ్చు. కానీ కళాశాలను నడిపే కరస్పాండెంట్ గారికి సన్నిహితుడైన నాయకుడి పుట్టినరోజున ఆ బోర్డే కనబడనంత ఫ్లెక్సీ కడతారు. ఒక ఏడాది గజమాల వేయడానికి తెచ్చిన క్రేన్ గేటుకు అడ్డంగా ఇరుక్కుపోయి, ఇంటర్నల్ పరీక్ష రాయవలసిన పిల్లలు ఎండలో రోడ్డు మీద నిలబడ్డారు. లోపల ఎన్‌సీసీ పిల్లలు వరుసలో నిలబడి చప్పట్లు కొడుతుండగా కేకు కోశారు. 2024లో ప్రభుత్వం మారాక ఫ్లెక్సీ మీద ముఖం మారింది, క్రేన్ మాత్రం అదే వస్తోంది. బహిరంగ సభ ఉన్న రోజున కళాశాల బస్సులు అటు వెళతాయి, మా ఫోన్లకు ‘సాంకేతిక కారణాల వల్ల సెలవు’ అని సందేశం వస్తుంది. విద్యార్థి సంఘాలు బంద్‌కు పిలుపునిచ్చిన రోజునా అదే సందేశం. ఉదయం జెండాలతో వచ్చిన నలుగురు కుర్రాళ్లు కాసేపు నినాదాలు చేసి, కరస్పాండెంట్ గది లోపలికి వెళ్లి, టీ తాగి బయటికి వస్తారు. పోయిన పీరియడ్లకు బదులు ఆదివారం తరగతి పెడతారు.

బంద్ దేనికోసమో ఆ తరగతిలో ఎవరూ చెప్పరు. ఆ బంద్‌లలో ఎక్కువ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించే కావడం విశేషం. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదన్న కారణంతో పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోనే ఉండిపోతాయి. సంస్థలు ఒరిజినల్స్‌ను అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. తన చదువుకు సంబంధించిన పథకం పేరు ఎన్నిసార్లు మారిందో, సొమ్ము తల్లి ఖాతాలోకి వెళ్లాలా కళాశాల ఖాతాలోకి వెళ్లాలా అన్న నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడం కూడా ఇక్కడ ‘రాజకీయం’ కిందే లెక్క.

నేను 1980ల మొదట్లో గుంటూరులోనే డిగ్రీ చదివాను. అప్పుడు విద్యార్థి సంఘాలకు ఎన్నికలు ఉండేవి. వాటిని బంగారు కాలంగా చెప్పను. ప్యానెళ్ల పేర్లు సిద్ధాంతాల పేర్లే అయినా ఓట్లు చాలావరకు కులాల వారీగానే పడేవి, హాకీ కర్రలు హాకీ మైదానం కన్నా వరండాల్లో ఎక్కువ కనిపించేవి. అయినా బ్రాడీపేట అరుగుల మీద అర్ధరాత్రి దాకా వాదించుకున్న అలవాటు అప్పుడే వచ్చింది. 1980ల చివర్లో రాష్ట్రంలో ఆ ఎన్నికలు ఆగిపోయాయి; దాదాపు అదే సమయంలో, 1989 మార్చిలో, 61వ రాజ్యాంగ సవరణ ద్వారా ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. దేశాన్ని పాలించేవాళ్లను ఎన్నుకునే వయసు వచ్చిన పిల్లలు తరగతి ప్రతినిధిని ఎన్నుకునే అవకాశాన్ని పోగొట్టుకున్నారన్నమాట. హింసను అరికట్టడానికి వేరే దారి లేకపోలేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ 2006లో ఇచ్చిన సిఫార్సులను సుప్రీంకోర్టు అమలు చేయమన్నది: అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, అచ్చు పోస్టర్లు వాడకూడదు, చేత్తో రాసినవే వాడాలి. విద్యార్థికి చేతిరాత పోస్టరు, నాయకుడికి నిలువెత్తు ఫ్లెక్సీ అన్న తేడాను పక్కన పెట్టినా, ఆ చేతిరాత పోస్టరుకు కూడా ఈ గేటు లోపల చోటు లేదు.

దీన్ని మా అమ్మాయి స్నేహితురాలు వేదిక మీదే అడిగింది. ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం ఘనంగా చేస్తారు. ముగ్గుల పోటీ, ప్రతిజ్ఞ, వక్తృత్వ పోటీ ఉంటాయి. రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల ఓటు విలువ గురించి కంఠతా పట్టిన నాలుగు మాటలు చెప్పి, ఐదో మాటగా ‘మరి మన కాలేజీలో మనకు ఓటు ఎప్పుడు ఇస్తారు సార్?’ అన్నది. హాలంతా ఈలలు. మైకు ఆగిపోయింది, సమయం అయిపోయిందని నిర్వాహకులు ప్రకటించారు. మొదటి బహుమతి ఓటును కల్పవృక్షంతో పోల్చిన అబ్బాయికి వెళ్లింది. ఈ పిల్లను ఎవరూ తిట్టలేదు, శిక్షించలేదు. ఆ తర్వాత ఏ పోటీ జాబితాలోనూ ఆమె పేరు రాలేదు, అంతే.

కులం గురించి రాయకుండా ఈ ప్రాంతపు కళాశాల వాతావరణం పూర్తి కాదు. కొత్తగా చేరిన పిల్లలను అడిగే మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండో ప్రశ్న ఊరు. మూడో ప్రశ్న అవసరం ఉండదు. మొదటి నెల ముగిసేసరికి భోజనాల దగ్గర గుంపులు ఏర్పడిపోతాయి, బైకుల స్టిక్కర్లు, వాట్సాప్ స్టేటస్‌లు, అభిమాన హీరో ఎవరన్నది ఆ గుంపుల సరిహద్దులు చూపిస్తాయి. యాజమాన్యం దృష్టిలో ఇది రాజకీయం కాదు కాబట్టి దీనికి నిషేధం లేదు. తెనాలి పక్కన, గుంటూరు నుంచి గంటన్నర లోపు వెళ్లగలిగే చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల ఊచకోత జరిగిందని మా అమ్మాయి తరగతిలో సగం మందికి తెలియదట. తెలిసిన సగం మంది నోరు విప్పరట. ఏప్రిల్ 14 సెలవు రోజు కాబట్టి ముందు రోజే అంబేద్కర్ చిత్రానికి దండ వేసి, ప్రార్థన గంటలోనే కార్యక్రమం ముగిస్తారు.

అమరావతి విషయమూ అంతే. 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణ ఈ కళాశాలకు బస్సు దూరంలో జరిగింది, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనతో మొదలైన ఆందోళన ఏళ్ల తరబడి సాగింది, భూములిచ్చిన కుటుంబాల పిల్లలు అదే తరగతుల్లో కూర్చున్నారు. అర్థశాస్త్రం చెప్పేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వ్యాసరచన పోటీలకు ఇచ్చే అంశాలు మాత్రం సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు, పరిసరాల పరిశుభ్రత దాటవు. అనుకూలంగా రాసినా వ్యతిరేకంగా రాసినా ఎవరో ఒకరికి కోపం వస్తుందన్న భయం అధ్యాపకులకు ఉంది. వాళ్లవి ఏటేటా పొడిగించే ఉద్యోగాలు కాబట్టి ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

ఈ వాతావరణంలోనూ ఊపిరాడే చోట్లు రెండు మూడు ఉన్నాయి. తెలుగు అధ్యాపకురాలు ఒకరు మెట్ల కింద గోడపత్రిక నడుపుతారు. చేతిరాత కాగితాలు, ముందస్తు అనుమతి లేదు, రచయిత పేరు వేయడం ఐచ్ఛికం. పిన్నీసుల డబ్బా మీద ఒక పిల్ల రాసిన ఎనిమిది పంక్తుల కవిత రెండు రోజులు అక్కడే ఉంది, మూడో రోజు ఎవరో చింపేశారు, నాలుగో రోజు వేరే చేతిరాతలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఎన్‌ఎస్‌ఎస్ వారం రోజుల శిబిరంలో పిల్లలు ఇంటింటి సర్వే చేసి, ఊళ్లో శ్మశానాలు రెండు ఎందుకున్నాయో రాసుకున్నారు; నివేదిక అచ్చయినప్పుడు ఆ పేజీ లేకపోయినా, రాసిన పిల్లలు దాన్ని మరచిపోలేదు. కళాశాల గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప మరేవీ బయటి అరల్లో ఉండవు కాబట్టి, చదివే ఆసక్తి ఉన్నవాళ్లు బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలోని అన్నమయ్య గ్రంథాలయానికి వెళతారు. గుడి ఆవరణలో దొరికే పఠన స్వేచ్ఛ కళాశాలలో దొరకడం లేదన్నది గమనించదగ్గ సంగతి.

కాబట్టి వాతావరణానికి నేను ఇచ్చేది ఐదుకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఆ అధ్యాపకురాలికి, గోడపత్రిక పిల్లలకు చెందుతుంది. డిగ్రీ తర్వాత నేరుగా ఎమ్మెస్సీకో ఉద్యోగానికో వెళ్లాలనుకునే, కట్టుబాట్లు ఇబ్బందిగా తోచని విద్యార్థికి ఇది సరిపోతుంది. వాదించే స్వభావం ఉన్న పిల్లలనూ, ముఖ్యంగా హాస్టల్‌లో ఉండవలసిన ఆడపిల్లలనూ చేర్చే ముందు, ప్రవేశాల కౌంటర్ దగ్గర ఉత్తీర్ణత శాతాలతో పాటు మరికొన్ని అడగండి: ఫిర్యాదుల కమిటీలో విద్యార్థి సభ్యుల ఎన్నిక ఏ తేదీన జరిగింది, రెండు హాస్టళ్ల గేటు వేళలు ఒకటేనా, కోర్సు ముగిశాక ఒరిజినల్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు. జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. ఇవ్వడానికి ఇష్టపడకపోతే పక్క కళాశాలలో కూడా ఇవే ప్రశ్నలు అడిగి చూడండి.