టన్నెల్ ఇంజనీరు కావాలంటే: ఎంటెక్కా, సైటా?

అనంతపురంలో సివిల్ బీటెక్ పూర్తిచేసిన మా మేనల్లుడికి ఇదే టెన్షన్. గేట్ స్కోరుతో జియోటెక్నికల్ (నేల, రాయి ఇంజనీరింగ్) ఎంటెక్‌లో చేరితే రెండేళ్లు నెలకు 12,400 స్టైపెండ్. సైటుకెళ్తే మొదటి నెల నుంచే జీతం, దుమ్ము, నైట్ షిఫ్టు.

అనుభవమున్నవాళ్ల కొరత ఉంది కాబట్టి పని ఎటైనా దొరుకుతుంది. అసలు పరీక్ష రాయి దగ్గరే. నంద్యాల జిల్లాలో కాలువ నీటి కోసం తవ్విన అవుకు సొరంగంలో ఫాల్ట్ జోన్ (రాయి విరిగి వదులైన చోటు) తగిలి మట్టి కూలడంతో పని ఏళ్లపాటు లాగింది. అలాంటిచోట పేల్చాక పొగ తగ్గగానే టార్చ్ వేసి, పగుళ్లు ఎటు వాలాయో, నీరు ఊరుతోందో చూసి, రాక్ బోల్టులు (రాతిని పట్టి ఉంచే ఇనుప కడ్డీలు) ఎంత దగ్గరగా దించాలో, షాట్‌క్రీట్ (గోడల మీద చిమ్మే కాంక్రీటు) ఎంత మందం కొట్టాలో చెప్పాలి. ఆ చూపు తరగతిలో రాదు. దాని వెనకున్న లెక్క మాత్రం సైట్లో ఎవరూ తీరిగ్గా చెప్పరు.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అందుకే నా ఓటు ముందు సైటుకే. మా అక్క మాత్రం గ్రూప్-2 రాయమంటోంది.