గళ్ళకి రంగులేసే నిష్పత్తుల పుస్తకం: ఏడాదిన్నర వాడాక

మా అమ్మాయి ఆరో తరగతిలో చేరినప్పుడు ద్వారకానగర్‌లో కొన్న ప్రాక్టీస్ పుస్తకం ఇది. ఎన్ని పేజీలు, రేటెంత అన్నవి అట్ట మీదే ఉంటాయి, వదిలేద్దాం. నా గొడవంతా ఇందులోని గళ్ళ గురించే.

ప్రతి లెక్క కింద ఒక వరస ఖాళీ గళ్ళు అచ్చేసి ఉంటాయి. 3 ఎర్ర పూసలు, 5 తెల్ల పూసలు ఉన్నాయి, ఎర్రవాటికి మొత్తానికి నిష్పత్తి ఎంత అని అడిగితే కింద ఎనిమిది గళ్ళు. మూడింటికి రంగేసి, అన్నీ లెక్కపెట్టి 3:8 అని రాయాలి. అంతకుముందు 3:5 అని రాసి చక్కా పోయేది. మొత్తంలో ఆ ఎర్రవి కూడా ఉంటాయే అని నేనెంత అరిచినా ఎక్కనిది గళ్ళతో వారంలో ఎక్కింది. ఆ ఊపులో కూర్మన్నపాలెంలో మా వీధివాళ్ళు ముగ్గురితో కొనిపించాను. ఇప్పుడు వాళ్ళు ఎదురైతే కాస్త మొహం చాటేస్తున్నాను.

ఎందుకంటే, స్కూల్ టెస్టులో ఇలా వచ్చింది: తరగతిలో 40 మంది, అందులో 24 మంది అమ్మాయిలు. అబ్బాయిలకు, మొత్తం పిల్లలకు నిష్పత్తి ఎంత? మా పిల్ల 40, 24 కలిపి 64 చేసింది. 40:64 అని రాసి, ఎనిమిదితో కొట్టేసి, 5:8 అని గీత గీసి మరీ పెట్టింది. సూక్ష్మరూపంలో మాత్రం వంక పెట్టడానికి లేదు!

"రెండు నంబర్లిస్తే కలపాలి కదమ్మా" అంది.

ఆ రాత్రి పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. అన్ని లెక్కల్లోనూ రెండు భాగాలూ ఇచ్చేశారు. మొత్తం చెప్పి ఒక భాగం దాచిన లెక్క ఒక్కటి కనిపించలేదు. పైగా గళ్ళు సరిగ్గా కావలసినన్నే వేశారు. మొత్తమెంతో పుస్తకమే చెప్పేస్తుంటే పిల్ల ఆలోచించేదేముంది?

ఆ ఆదివారం మా అత్తగారు ఇడ్లీ పిండికి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ కొలుస్తున్నారు. ఇందులో పప్పు ఎన్నో వంతు అని మా పిల్లని అడిగాను. "ఒకటికి రెండు కదా, సగం" అంది ఠక్కున. "సగం పప్పేస్తే ఇడ్లీ ఎలా అవుతాదే? గ్లాసులు లెక్కెట్టు" అన్నారావిడ. మూడు గ్లాసులు గట్టు మీద వరసగా పెట్టి, కాసేపు చూసి, మూడో వంతు అని గొణిగింది.

అప్పటినుంచి పేజీలో అచ్చేసిన గళ్ళని పాత క్యాలెండర్ కాగితంతో మూసేస్తున్నాను. మొత్తం, ఒక భాగం నేను చెప్తాను, గళ్ళు తనే గీసుకోవాలి. ఆ 40 మంది లెక్కకి నలభై గళ్ళు గీయబోయి, రెండో వరసకే విసుగొచ్చి, నలుగురికి ఒక గడి అంది. పది గళ్ళు, అబ్బాయిలవి నాలుగు. ఇంకా తగ్గుతుందా అంటే ఎనిమిదిమందికి ఒక గడి చేసింది. ఐదు గళ్ళలో రెండు, 2:5. కొట్టివేత అంటే ఏం జరుగుతుందో నాకే అప్పుడు కళ్ళకి కట్టింది. ఏడో తరగతిలో శాతాలు వచ్చాక, ఐదు గళ్ళు వందయితే గడికి 20, అబ్బాయిలు 40 శాతం అని నేను అడక్కుండానే చెప్పింది.

కొనమంటారా అంటే ఇదీ అని తేల్చలేను. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను కాబట్టి సాయంత్రం అరగంట దాని పక్కన కూర్చోగలుగుతున్నాను. నేను తెలుగు మీడియం, అది ఇంగ్లీష్ మీడియం. నిష్పత్తిలో మొదటి సంఖ్యని పూర్వపదం, రెండోదాన్ని పరపదం అంటే అది వింతగా చూస్తుంది, గళ్ళంటే ఇద్దరికీ తెలుస్తుంది. పక్కన కూర్చునే తీరిక లేకపోతే మాత్రం, మొదటి నెల నాలాగే మురిసిపోతారు, అంతే.

వచ్చే ఏడు చిన్నోడు ఆరులోకి వస్తాడు. వాడికి ఇదే ఇద్దామంటే వాళ్ళక్క గళ్ళన్నీ మైనం రంగులతో రుద్దేసింది, చెరగవు. ఇంకోటి కొనాలో, నోట్‌బుక్‌లో వాడిచేతే గీయించాలో ఇంకా అనుకోలేదు.