నికాన్ పి900: మంచుకొండల దారిలో ఏళ్ల తరబడి వాడాక

2015లో వచ్చిన కెమెరాకి ఇప్పుడు సమీక్షేమిటి అనకండి. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా చేతులు మారుతూనే ఉంది, ట్రెక్కింగ్‌కి పనికొస్తుందా అని అడిగేవాళ్లూ తగ్గలేదు. మీరు తీయాలనుకునేది ఆరుబయట, వెలుతురులో ఉంటే కళ్లు మూసుకుని కొనండి. చెట్ల నీడలో తిరిగే పిట్టల కోసమైతే మాత్రం వద్దు.

దీని పేరంతా 83 రెట్ల జూమ్ మీదే. 24 నుంచి 2000 మిల్లీమీటర్లంటారు కానీ అది ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా లెక్క. లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 357 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. మిగతా మహిమంతా చిటికెనవేలి గోరు కంటే చిన్న సెన్సార్‌ది, అంటే వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్‌ది. ఇంత జూమ్ పెట్టుకుని కూడా బరువు 900 గ్రాములు దాటకపోవడానికి ఆ సెన్సారే కారణం. సాయంత్రమయ్యేసరికి ఫొటో గరుకెక్కడానికీ అదే కారణం.

నేను దీన్ని ఎక్కువగా మోసింది ఉత్తరాఖండ్‌లో, చోప్తా నుంచి తుంగనాథ్ గుడి మీదుగా చంద్రశిల శిఖరం ఎక్కే దారిలో. గుడి దాకా రాళ్లు పరిచిన బాటే, నాలుగు కిలోమీటర్లకు మించదు. అయితే గుడి ఉన్నది 3,680 మీటర్ల ఎత్తున. నల్లమలలో గబగబా ఎక్కే మనిషికి కూడా అక్కడ పది అడుగులకోసారి ఆయాసం వస్తుంది. అలాంటి చోట పెద్ద లెన్సూ ట్రైపాడూ మోసుకొచ్చేవాళ్లని చూస్తే నాకు గౌరవమూ జాలీ రెండూ కలుగుతాయి. నా కెమెరా మెడలోనే ఉంటుంది, అడిగిన క్షణాన పనిలోకి దిగుతుంది.

ఆ దారిలో అందరూ వెతికేది మోనాల్‌ని. అది ఆ రాష్ట్ర పక్షి. గుడి చుట్టుపక్కల పచ్చికవాలుల్లో తెల్లారగానే మేతకు వస్తుంది. టీకొట్టతను "ఉధర్ దేఖియే, భాయీసాబ్" (అటు చూడండి, అన్నా) అని గడ్డం ఎత్తి చూపించాడంటే ఇక వెతకక్కర్లేదు. మగపక్షి తల మీద సన్నటి కుచ్చు, మెడ మీద రాగి మెరుపు, వీపు మీద ఆకుపచ్చా ఊదా. ముక్కుతో తడిమట్టి తవ్వుతుంటే పెళ్లలు వెనక్కి ఎగురుతాయి. దగ్గరికి పోవాల్సిన పనే లేదు, బాట మీద నిలబడే ముక్కుకంటిన మట్టి దాకా పట్టొచ్చు.

ఇబ్బందల్లా అంత జూమ్‌లో పక్షి ఒక్క అడుగు వేసినా ఫ్రేమ్‌లోంచి మాయమైపోవడం. లెన్స్ పక్కనున్న స్నాప్‌బ్యాక్ బటన్ అందుకే. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వస్తుంది, పక్షి దొరికాక వదిలేస్తే మళ్లీ ముందుకు పోతుంది. ఇది అలవాటు కాకపోతే పి900 సగమే వాడినట్టు. బరస్ట్‌లో, అంటే వేలు తీయకుండా వరసగా తీస్తే, సెకనుకి ఏడు ఫొటోలు పడతాయి కానీ ఆ ఏడే. అవి కార్డుకెక్కేదాకా ఆగాలి. అందుకే పక్షి రెక్క విప్పేవరకూ వేలు బిగబట్టుకోవాలి.

రా ఫైల్ (సెన్సార్ పట్టింది పట్టినట్టే దాచి, తర్వాత సరిదిద్దుకోనిచ్చే ఫైల్) లేదు, జేపెగ్ ఒక్కటే. మోనాల్ ఈకల మీద ఎండ పడితే ఆ మెరుపు తెల్లగా కాలిపోతుంది, ఇంటికొచ్చాక బాగుచేసుకునే దారి ఉండదు. ఎండలో ఉన్న పక్షికి ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) మైనస్ 0.7కి దించుతాను, మంచు నిండిన దృశ్యానికి ప్లస్ 0.7కి పెంచుతాను.

చంద్రశిల మీద నుంచి 7,138 మీటర్ల చౌఖంబాని తీయాలంటే పొద్దున్నే తీయాలి. ఎండెక్కాక లోయలో గాలి వేడెక్కి, ఫుల్ జూమ్‌లో శిఖరం అంచులు అలలాడతాయి. దానికి ఏ కెమెరా దగ్గరా మందు లేదు. కింద చోప్తా చుట్టూ ఉన్న బురాంశ్ (రోడోడెండ్రాన్), ఓక్ అడవుల్లో కథ వేరు. ఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. వెలుతురు తక్కువని ఐఎస్ఓ (సెన్సార్ స్పందన) 800కి పోతే ఈకల గీతలు చెరిగిపోయి రంగు మాత్రం మిగులుతుంది.

జూమ్ మోజులో ఎవరూ చెప్పని సంగతొకటి ఉంది. మాక్రోలో, అంటే చిన్నవాటిని దగ్గర్నుంచి తీసే పద్ధతిలో, ఇది ఒక సెంటీమీటరు దాకా దగ్గరికి పోతుంది. మంచు కరిగిన చోట వచ్చే ఊదారంగు ప్రిములా పూలని, స్క్రీన్ పైకి తిప్పుకుని, బురదలో పడుకోకుండానే తీయొచ్చు.

బ్యాటరీకి 360 ఫొటోలని కంపెనీ లెక్క. చలిలో అన్ని రావు. స్పేర్ బ్యాటరీ చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి తగిలేలా పెట్టుకోండి. జీపీఎస్ ఆపేయండి. మైక్రో యూఎస్‌బీ ఉంది కాబట్టి రాత్రి పవర్‌బ్యాంక్‌తో ఛార్జ్ చేసుకోవచ్చు. వానకి తట్టుకునే సీలింగ్ లేదు. ఉత్తరాఖండ్‌లోనే ఉన్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) లాంటి వానాకాలపు ట్రెక్కులకి తీసుకెళ్తే లాడ్జిలో ఇచ్చే షవర్‌క్యాప్ ఒకటి జేబులో వేసుకోండి, బాగా పనికొస్తుంది.

డబ్బు పెట్టగలిగితే 2020లో వచ్చిన పి950 తీసుకోండి. దాంట్లో రా ఉంది, బరువు కిలో దగ్గర. పి1000 బరువు 1,400 గ్రాముల పైమాటే, ఎక్కుడుకి నేనైతే వద్దంటాను. పాత పి900 కొనేవాళ్లు మాత్రం డబ్బిచ్చే ముందు జూమ్ పూర్తిగా చాచి, ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూసుకోండి.