పాస్‌వర్డ్ అడిగే ఆ డబ్బా నాకిష్టమే, కానీ...

అందరూ తిట్టుకునే ఒక డబ్బాను మెచ్చుకోవడానికి ఇది రాస్తున్నా. విండోస్‌లో ఏదైనా ప్రోగ్రామ్ ఎక్కించబోతే తెరంతా మసకబారి, నడిమిట్ల ఒక పెట్టె లేచి, మార్పులు చేయనివ్వాలా వద్దా అని అడుగుతుంది కదా, అదే. యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ. దాన్ని ఎట్లా ఆపాలో చెప్పే వీడియోలు కోకొల్లలు. దాన్ని ఉంచుకుంటే ఏం సుఖమో చెప్పేవాళ్ళే తక్కువ.

నాది జడ్చర్లలో, బాదేపల్లి దిక్కు, చిన్న దుకాణం. జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు, పెళ్ళిపత్రికల డీటీపీ. గిరాకీ కూర్చునే రెండు సిస్టమ్‌ల మీద స్టాండర్డ్ ఖాతా, అంటే సిస్టమ్‌ను మార్చే హక్కు లేని మామూలు ఖాతా పెట్టాను. ఆ హక్కులన్నీ ఉన్న అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గర మాత్రమే ఉంటుంది. విండోస్ 7 కాలం నుంచీ ఇదే పద్ధతి.

మన ఊళ్ళల్లో దుకాణం నడిపేవాళ్ళకు వైరస్ కంటే పెద్ద బాధ మొహమాటం. ఎదురింటి పిలగాడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి "అక్కా, జర ఈ గేమ్ ఎక్కించుకుంటా, ఐదు నిమిషాలే" అంటాడు. వద్దంటే వాళ్ళమ్మకు చెప్తాడు, ఆమె మా అత్తకు చెప్తుంది, రాత్రి అన్నం దగ్గర నాకు పంచాయతీ. సరే అంటే మరుసటి రోజుకు బ్రౌజర్ తెరవంగనే లాటరీ ప్రకటనలు. ఇప్పుడు ఆ గోల లేదు. "ఎక్కించుకోరా" అంటాను. తెర మసకబడుతుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, వాడు నా దిక్కు చూస్తాడు. "అది ఒప్పుకుంటలేదురా, సిస్టమే అట్లుంది" అని నేను జిరాక్స్ కాగితాలు సర్దుకుంటాను. కాదన్నది కంప్యూటర్, నేను కాదు. డిగ్రీ సీట్ల దోస్త్ అడ్మిషన్లు, ఇంజనీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్ నడిచే రోజుల్లో దుకాణంలో కాలు పెట్టే జాగా ఉండదు. ఎవరు ఏం నొక్కుతున్నారో చూసే తీరిక నాకు ఉండదు. అప్పుడు ఆ డబ్బా నాకొక మనిషి తోడున్నట్టే.

తెర ఎందుకు మసకబడుతుందో చాలామంది పట్టించుకోరు. ఆ పెట్టె వచ్చినంతసేపు విండోస్ మనల్ని వేరే డెస్క్‌టాప్ మీద నిలబెడుతుంది. వెనక నడుస్తున్న మామూలు ప్రోగ్రామ్‌లు ఆ పెట్టెను చూడలేవు, దాని మీద నొక్కలేవు. అంటే ఏ దొంగ ప్రోగ్రామో మన తరఫున తనే 'యెస్' కొట్టుకునే వీలు ఉండదు. కంట్రోల్ ప్యానెల్‌లో దీనికి నాలుగు మెట్ల స్లైడర్ ఉంది. మామూలుగా పైనుంచి రెండో మెట్టు మీద ఉంటుంది, నేను అన్నింటికంటే పైన పెట్టుకున్నాను. పై నుంచి మూడోది కూడా అడుగుతుంది కానీ తెర మసకబడదు, అందుకే అది నాకు నచ్చదు. అడుగు మెట్టుకు దించితే ఇంకో చిత్రం ఉంది. స్టాండర్డ్ ఖాతాలో అప్పుడు అసలు అడగదు, చడీచప్పుడు లేకుండా కాదనేస్తుంది. డబ్బా పీడ పోతే పని సులువవుతుందని దించినవాళ్ళు, పనే కాక తలపట్టుకోవడం చూశాను.

మెచ్చుకోలు కొంచెం సర్దుకోవాలి. నేను చెప్పేదంతా పాస్‌వర్డ్ అడిగే డబ్బా గురించి. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో మీదే అడ్మిన్ ఖాతా అయితే వచ్చేది ఉత్త యెస్-నో డబ్బా. దాన్ని భద్రతకు సరిహద్దుగా తాము లెక్కపెట్టమని మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్తారు. మనం దాన్ని చదవం కూడా, వేలు తనంతట తనే యెస్ మీదికి పోతుంది. పాస్‌వర్డ్ డబ్బా కూడా అన్నింటినీ ఆపదు. వాడేవాళ్ళ సొంత యూజర్ ఫోల్డర్‌లో దిగే ప్రోగ్రామ్‌లకు అడ్మిన్ అనుమతితో పని లేదు. క్రోమ్‌నే చూడండి, మనం కాదన్నా అడ్మిన్ లేకుండానే ఎక్కుతానంటుంది. మన ఫైళ్ళకు తాళం వేసి పైసలు గుంజే రకానికీ అడ్మిన్ అక్కర్లేదు, మనం తెరవగలిగే ఫైళ్ళన్నీ అదీ తెరవగలదు. దానికి మందు వేరే హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్, డబ్బా కాదు.

ఇక అసలు విషయం. నా కోపం డబ్బా మీద కాదు, దాన్ని ఆపేయమని ఫోన్లో సలహా ఇచ్చేవాళ్ళ మీద. వేలిముద్ర మిషన్ పనిచేయట్లేదని ఫోన్ చేస్తే "మేడం, ముందు యూఏసీ ఆఫ్ చెయ్యండి." డిజిటల్ సంతకం టోకెన్ దొరకట్లేదంటే "యాంటీవైరస్ కూడా తీసేయండి." లేదంటే "రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టండి." ఈ డబ్బా 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. జనానికి చిరాకు తెప్పించడానికే దాన్ని పెట్టామని మైక్రోసాఫ్ట్‌కు చెందిన డేవిడ్ క్రాస్ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సులో బాహాటంగానే చెప్పాడు. చిరాకు పడిన జనం ప్రోగ్రామ్ రాసినవాళ్ళను నిలదీస్తారు, వాళ్ళు అడ్మిన్ అవసరం లేకుండా రాయడం నేర్చుకుంటారు, ఇదీ లెక్క. పెద్ద కంపెనీలు నేర్చుకున్నాయి. మనకు దొరికే చిన్న ప్రోగ్రామ్‌లలో చాలామటుకు ఇంకా విస్టాకు ముందటి విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే ఉన్నాయి.

ఆ ఎక్స్‌పీ కాలపు రాత ఎంత పని చేసిందో బాదేపల్లి మార్కెట్ యార్డులో చూశాను. నేను అప్పుడప్పుడు పోయి కంప్యూటర్ చూసిపెట్టే ఒక ఆడ్తి దుకాణం ఉంది, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేది. యార్డుకు ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ ఉన్నా సేటు సొంత లెక్కంతా ఎన్నడో హైదరాబాద్‌లో రాయించుకున్న పాత ప్రోగ్రామ్‌లోనే. తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), హమాలీ, కాంటా, కమీషన్, రైతులకిచ్చిన అప్పులు, అన్నీ అందులోనే. అది ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కూర్చుని డేటాను కూడా అక్కడే రాసుకుంటుంది. ఎక్స్‌పీలో అందరూ అడ్మిన్‌లే కాబట్టి ఎవరికీ ఇబ్బంది కాలేదు. కొత్త సిస్టమ్ కొన్నప్పుడు విండోస్ 10లో గుమాస్తాకు స్టాండర్డ్ ఖాతా చేశాం. ప్రోగ్రామ్ ఏ డబ్బా లేపకుండా సాఫీగా నడిచింది. సేటు సంబరపడ్డాడు.

యాసంగి పల్లికాయ జోరుగా వస్తున్న రోజుల్లో డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటర్ మొరాయించింది. ప్రోగ్రామ్ అమ్మినవాళ్ళ మనిషి ఫోన్లో ఆ పాత మంత్రమే చదివాడు. ఐకాన్ ప్రాపర్టీస్‌లో ఎప్పటికీ అడ్మిన్‌గానే నడిచేటట్టు టిక్కు పెట్టించాడు. దాంతో పొద్దున ప్రోగ్రామ్ తెరిస్తే చాలు పసుపు పట్టీతో డబ్బా, పాస్‌వర్డ్ అడగడం. సేటు రోజూ వచ్చి కొట్టలేడు కదా, పాస్‌వర్డ్‌ను గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టాడు. హమాలీలు కూడా చదువుకునేంత పెద్ద అక్షరాలతో!

మధ్యాహ్నానికి సేటు ఫోన్. "అమ్మా, ఖాతాలన్నీ పోయినయ్. ఎవడో తుడిచిండు." పోయి చూస్తే సీజన్ లెక్క ఒక్క వరుస కూడా లేదు. కంప్యూటర్ కొన్న రోజున ఎట్లా ఉందో అట్లా ఉంది. పొద్దటి నుంచి కొట్టిన తక్‌పట్టీలకు పాత నంబర్లే మళ్ళీ పడ్డాయి. బాకీ అడగడానికి వచ్చిన ఒక రైతు పేరు ఎంతకీ కనిపించకపోతే గానీ ఎవరికీ అనుమానం రాలేదట. గుమాస్తా ఒక మూలకు నిలబడి "అక్కా, నేను ముట్టలే, పిల్లల మీద ఒట్టు" అంటున్నాడు. సేటు అతని దిక్కు చూసే చూపు నాకు నచ్చలేదు. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎవరైతే వాడే దొంగ అన్నట్టుంది.

నేను చేసింది పెద్ద విద్యేం కాదు. డేటా ఫైలు పేరు పెట్టి సి డ్రైవ్ మొత్తం, దాచిన ఫోల్డర్లతో సహా వెతికించాను. అదే పేరుతో రెండు ఫైళ్ళు దొరికాయి. ఒకటి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో. రెండోది గుమాస్తా ఖాతాలో యాప్‌డేటా, లోకల్, దాని కింద వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో. దాని మీద నిన్న సాయంత్రం తేదీ ఉంది, సైజు కూడా పెద్దగా ఉంది. సీజన్ అంతా అందులో పదిలంగా ఉంది. సేటు కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. గుమాస్తానే తెచ్చిచ్చాడు.

ఎందుకట్లా అయిందంటే, స్టాండర్డ్ ఖాతాకు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసే హక్కు లేదు. పాత ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. కాదంటే అది కూలిపోతుందని, విండోస్ దాన్ని నడిపించడానికి దారి మళ్ళిస్తుంది. ఖాతాపుస్తకం ముట్టుకోనివ్వకుండా గుమాస్తాకు అచ్చం అట్లాంటిదే మరొకటి చేతికిచ్చి, అసలుది ఇదేనని నమ్మించినట్టు. రాసేది, చదివేది అంతా ఆ రెండో పుస్తకంలోనే కాబట్టి తేడా కనబడదు. అడ్మిన్‌గా నడిపితే ఈ మళ్ళింపు ఉండదు, నేరుగా అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫోన్లో టిక్కు పెట్టించిన ఆ క్షణం నుంచి ప్రోగ్రామ్ చూస్తున్నది పాత పుస్తకం. ఈ మళ్ళింపు పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లకే, అదీ తమకు ఏ స్థాయి అనుమతి కావాలో ముందే చెప్పుకోని వాటికే. ప్రోగ్రామ్ రాసినవాళ్ళు డేటాను వేరే ఫోల్డర్‌లో పెట్టి ఉంటే ఈ కథే లేదు. విస్టా వచ్చిన్నాటి నుంచీ అందరికీ చెప్తున్న మాటే అది.

సర్దుబాటుకు సాయంత్రమైంది. టిక్కు తీసేశాం. సీజన్ ఫైలుకు రెండు కాపీలు తీసి, ప్రోగ్రామ్ మొత్తాన్ని డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌కు మార్చి, ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు గుమాస్తా ఖాతాకు ఇచ్చాను. పొద్దటి తక్‌పట్టీలను కార్బన్ కాపీలు చూసి గుమాస్తా మళ్ళీ ఎక్కించాడు, డబుల్ పడిన నంబర్ల పక్కన సేటు సంతకం పెట్టాడు. ప్రింటర్ సంగతా? దానికీ అడ్మిన్‌కూ సంబంధమే లేదు. పోర్టు మారింది, ప్రింటర్‌ను షేర్ చేసి ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటర్ పోర్టు పేరుకు కట్టేస్తే గరగరమని కొట్టింది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, క్యాలెండర్ మీది కాగితం చించేయించాను. ఇప్పుడు ఆ దుకాణంలో రోజూ చేసే పనికి డబ్బా రాదు. ఎప్పుడన్నా వచ్చిందంటే సేటు నాకు ఫోన్ చేస్తాడు, అట్లా ఉంటేనే ఆ డబ్బాకు విలువ. రోజూ లేచే డబ్బాను రోజూ తోసేయడమే అలవాటవుతుంది.

రంగుల గురించి కూడా ముందు ఒక మాట అనేదాన్ని. నీలం పట్టీ వస్తే ప్రోగ్రామ్ చేసినవాళ్ళ డిజిటల్ సంతకం సరిపోయినట్టు, పసుపు వస్తే ఎవరిదో తెలియదన్నట్టు. నా దగ్గర పనిచేసే అమ్మాయికి 'పసుపైతే ముట్టకు' అని నేర్పాను. సేటు దుకాణం చూశాక ఆ సూత్రాన్ని కొంచెం వదులు చేశాను. సంతకానికి ఏటా పైసలు కట్టలేని చిన్నవాళ్ళందరిదీ పసుపే. నీలం ఉన్నంత మాత్రాన ప్రోగ్రామ్ మంచిదనీ కాదు, ఫలానా వాళ్ళది అని మాత్రమే. ఇప్పుడు రంగు చూడమని చెప్పట్లేదు. ఈ పని నువ్వు మొదలుపెట్టిందేనా, నువ్వేం నొక్కకుండానే వచ్చిందా, అది చూసుకోమంటున్నా.

మరి పెట్టుకోవాలా అంటే, నాలాగా పదిమంది చేతులు పడే సిస్టమ్ అయితే పెట్టుకోండి, స్టాండర్డ్ ఖాతాతో, స్లైడర్ పైకి పెట్టి. ఆ ఒక్కదానికే నాకు నెలకొకసారి ఫార్మాట్ కొట్టే బాధ తప్పింది. పాత లెక్కల ప్రోగ్రామ్ ఉన్నవాళ్ళు మాత్రం ముందు దాని డేటా ఎక్కడ కూర్చుందో చూసుకుని ఆ తర్వాతే ఖాతాలు మార్చండి. ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కు ఇంత అవసరమా అంటే నేను గట్టిగా చెప్పలేను. మా ఇంట్లో దానికి ఉత్త యెస్-నో డబ్బానే ఉంది. మా ఆయన పాస్‌వర్డ్ అంటే ఒప్పుకోడు, నేనూ రోజూ జగడం పెట్టుకోను.

సేటుది ఇంకా విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ సిస్టమ్‌లో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు కాబట్టి 11కు పోవాలంటే కొత్తది కొనాలి. "పల్లికాయ అయిపోనియ్ అమ్మా" అంటున్నాడు. సరే అన్నాను, కానీ డి డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్‌ను ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే పని గుమాస్తాకు అప్పజెప్పించాను.