మోరియా దాటితేనే మా ఊరు: త్సుకుబా ఎక్స్‌ప్రెస్‌తో తొమ్మిదేళ్లు

జపాన్‌లో టోక్యోలోని అకిహబారానూ త్సుకుబా నగరాన్నీ కలిపే ఈ లైను మీద రైళ్లు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతాయనీ, 2017లో ఒక రైలు ఇరవై సెకన్లు ముందుగా కదిలినందుకు ప్రయాణికులకు క్షమాపణ చెప్పారనీ మీరు చదివే ఉంటారు. అవి వదిలేస్తాను. నా గొడవంతా దారిలో వచ్చే మోరియా స్టేషనుతోనే.

తొమ్మిదేళ్లుగా త్సుకుబాలో ఎక్కి అకిహబారాలో దిగుతున్నాను. నేను ఎక్కేది మొదటి స్టేషను కనుక ఉదయం సీటుకు లోటు లేదు. టోక్యోకు నిలబడకుండా వెళ్లి ఆఫీసులో అడుగుపెట్టడం ఎంత భాగ్యమో ఇక్కడ ఉద్యోగం చేసేవారికి తెలుసు. కనిపించిన తెలుగువారందరికీ ఈ లైను పక్కనే ఇల్లు తీసుకోమని చెప్పేవాణ్ని.

మొదటి ఏడాది ఫిబ్రవరిలో, ఒక రాత్రి విందు ముగించుకుని అకిహబారాలో ఖాళీగా కనిపించిన రైలెక్కాను. బోర్డు చూడలేదు. వెచ్చటి సీటు, కడుపు నిండా భోజనం, నిద్ర పట్టేసింది. ఎవరో భుజం తట్టి లేపితే చూద్దునుగదా, పెట్టె ఖాళీ. రైలు మోరియా వరకే. ఎత్తున కట్టిన ఆ ప్లాట్‌ఫారం మీద ఈడ్చికొట్టే చలిగాలిలో తరువాతి రైలు కోసం ఇరవై నిమిషాలు వణికాను. తప్పు నాదే. అయినా, ఇంత దూరం వచ్చిన రైలును ఇంకాస్త ముందుకు తీసుకెళితే ఏం పోయిందని మనసులో తిట్టుకున్నాను.

ఆ సంగతి మరునాడు భూభౌతిక శాస్త్రం చదివిన గుంటూరు మిత్రుడి దగ్గర వెళ్లబోసుకుంటే ఆయన నవ్వారు. మాకు కొంచెం ఉత్తరాన కకియోకాలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే వేధశాల ఉంది. డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటుతో రైళ్లు నడిస్తే కొంత కరెంటు పట్టాల నుంచి నేలలోకి జారి ఆ కొలతలను చెడగొడుతుంది. అందుకే మోరియా వరకు 1,500 వోల్టుల డీసీ, ఆపైన 20,000 వోల్టుల ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు. రెండింటి మీదా నడిచే రైళ్ల తయారీకి ఖర్చు ఎక్కువ. డీసీ మీద మాత్రమే నడిచేవి మోరియాలోనే వెనక్కి తిరగాలి. పక్కనే వెళ్లే జోబాన్ లైనుదీ ఇదే తంతు. "మన బొంబాయిలోనూ ఇదే జరిగింది కదండీ" అన్నారాయన. ట్రాములకు కరెంటు వస్తోందని కొలాబా వేధశాల అయస్కాంత కొలతలను 1904లో అలీబాగ్‌కు తరలించారట. అక్కడ వేధశాల పక్కకు జరిగింది, ఇక్కడ రైలు తలవంచింది!

అప్పటి నుంచి మోరియా దాటాక చెవులు రిక్కిస్తాను. కరెంటు మారే చోట గాలి యంత్రం చప్పుడు ఠక్కున ఆగుతుంది, కొన్ని క్షణాలకు మళ్లీ మొదలవుతుంది. పక్కవాళ్లు ఫోన్ల నుంచి తల ఎత్తరు. నాకు మాత్రం ఊరి పొలిమేర దాటినట్టు ఉంటుంది.

ఇక సీటు సంగతి. నా మాట విని ఒక తమ్ముడు ఇదే లైను మీద, మోరియాకూ టోక్యోకూ మధ్య ఉన్న మినామి నగరెయామాలో ఇల్లు తీసుకున్నాడు. రెండేళ్ల తరువాత, "అన్నా, మీరు చెప్పిన సీటు ఎక్కడుంది?" అని అడిగాడు. నిజమే, ఉదయం రైలు అక్కడికి చేరేసరికే నిండిపోతుంది. ఇళ్ల స్థలాలనూ రైలునూ కలిపి అభివృద్ధి చేయాలన్న 1989 నాటి చట్టం కింద పుట్టిన లైను ఇది. 2005లో రైలు వచ్చింది, జనం వచ్చారు, పెట్టెలు మాత్రం ఆరే. ఎనిమిది చేస్తామంటున్నారు, అదీ 2030ల తొలి సగానికి. ఇంతా చేసి తమ్ముడు ఇల్లు మారడు. స్టేషను దగ్గర పిల్లవాణ్ని అప్పగిస్తే నగరపాలక సంస్థ ఏర్పాటు చేసిన బస్సు శిశు సంరక్షణ కేంద్రానికి తీసుకెళుతుంది. ఆ సౌకర్యం వదులుకోవడం మరదలికి ఇష్టం లేదు.

నా లెక్క వేరు. వారానికి మూడు రోజులే టోక్యో వెళతాను, పాసు డబ్బు ఆఫీసు ఇస్తుంది, చిన్నపిల్లలు లేరు. ఛార్జీ సొంతంగా పెట్టుకోవలసి వస్తే ఇంత మురిపెంగా రాసేవాణ్ని కాదేమో. ఇల్లు వెతుకుతూ ఎవరైనా సలహా అడిగితే, ఇప్పుడు ముందు నేనే ఒకటి అడుగుతున్నాను: రాత్రి ఎన్ని గంటలకు ఆఫీసు నుంచి బయటపడతారు?